నెల్లూరు చేపల పులుసు ఇంట్లో ఎలా చేయాలి: ముక్క చెదరకుండా, నీచు లేకుండా, తెల్లారికి రుచి పెరిగేలా

"అక్కా, నువ్వు చెప్పిన కొలతలే వేశాను. అయినా మన పులుసులా రాలేదు." ఫోన్లో ఈ మాట వినని నెల లేదు నాకు. హైదరాబాద్‌లో ఉన్న చెల్లెలు, బెంగళూరులో కాపురం పెట్టిన మేనకోడలు, వాళ్ల స్నేహితురాళ్లు, అందరిదీ ఒకటే ప్రశ్న: మీరు ఏం మసాలా వేస్తారు? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒక్కచోట రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను, ఇది మసాలాతో వచ్చే రుచి కాదు. పులుసు ముందు ఒంటరిగా మరిగి చిక్కబడాలి. చేప ఆ తర్వాతే పడాలి. దించాక కనీసం నాలుగు గంటలు దాని జోలికి పోకూడదు. పులుసు కుదరలేదని ఎవరు చెప్పినా, ఎలా చేశావని అడుగుతూ పోతే చాలాసార్లు ఈ మూడింట్లో ఏదో ఒకటి జారిపోయి ఉంటుంది.

వంట మీద నాకు ఇష్టం పుట్టింది ఈ పులుసు దగ్గరే. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా అవ్వ పులుసు మరుగుతుండగా గరిటెతో ఒక్క చుక్క తీసి, ఊది, నా ఎడమ అరచేతిలో వేసేది. "ఏం తక్కువైందో చెప్పు" అనేది. ఉప్పు అంటే ఉప్పు వేసేది. పులుపు అంటే చింతపండు పిప్పి ఇంకోసారి పిసికి ఆ రసం పోసేది. చిన్నపిల్ల మాట విని చట్టిలో ఉప్పు వేసిన మనిషి ఆవిడ. నలభై ఏళ్లు దాటింది. ఇప్పటికీ పులుసు రుచి చూడాలంటే నా ఎడమ చెయ్యి దానంతటదే ముందుకు చాచుకుంటుంది.

కావలసినవి (ఐదారుగురికి)

పెద్ద చెంచా అంటే 15 మి.లీ., చిన్న చెంచా అంటే 5 మి.లీ. అనుకోండి.

- చేప ముక్కలు: కిలో (శుభ్రం చేశాక తూకం). ముక్క రెండు వేళ్ల మందం ఉండాలి
- చింతపండు: 50 గ్రాములు. మామిడికాయ వేయకపోతే 70
- పుల్లటి పచ్చి మామిడికాయ: ఒకటి, పావుకిలో లోపు
- ఉల్లిపాయలు: మధ్యరకానివి మూడు
- టమాటాలు: బాగా పండినవి రెండు
- పచ్చిమిర్చి: ఆరు, నిలువుగా చీలికలు
- వెల్లుల్లి: 12 నుంచి 15 రెబ్బలు, పొట్టు తీసి అలాగే
- కరివేపాకు: మూడు రెమ్మలు
- నువ్వుల నూనె: 120 మి.లీ. (వేరుశనగ నూనె కూడా బాగుంటుంది)
- కారం: మూడు పెద్ద చెంచాలు
- ధనియాల పొడి: రెండు పెద్ద చెంచాలు
- పసుపు: చిన్న చెంచా
- రాళ్ల ఉప్పు: మొత్తం మీద రెండు పెద్ద చెంచాలు, కానీ ఒక్కసారిగా వేయకండి
- తాలింపుకు: ఆవాలు చిన్న చెంచా, జీలకర్ర అర, మెంతులు పావు
- ఆఖర్లో చల్లే పొడికి: ధనియాలు పెద్ద చెంచా, జీలకర్ర చిన్న చెంచా, మెంతులు పావు చిన్న చెంచా, ఆవాలు చిటికెడు

అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా, కొబ్బరి నేను వేయను. వేసే ఇళ్లు ఉన్నాయి, వాళ్లకు ఆ రుచి ఇష్టం. కానీ మీరు వెతుకుతున్నది నెల్లూరు పులుసు అయితే ఈ మూడూ పక్కన పెట్టండి. లవంగం, చెక్క వాసన తగిలిందంటే మామిడికాయ వాసన చచ్చిపోతుంది.

గిన్నె సంగతి

మట్టి చట్టి ఉంటే మంచిది. లేకపోతే అడుగు మందంగా, వెడల్పుగా ఉన్న స్టీలు గిన్నె. వెడల్పు ఎందుకంటే ముక్కలన్నీ ఒక్క వరసలో, మహా అయితే ఒకటిన్నర వరసలో పట్టాలి. ఒకదాని మీద ఒకటి నాలుగు వరసలు పేరిస్తే కింది ముక్క నలుగుతుంది, పై ముక్క ఉడకదు. అల్యూమినియం గిన్నె మాత్రం వద్దు. చింతపండు పులుపు దాన్ని తింటుంది, పులుసుకు లోహపు రుచి వస్తుంది.

కొత్త చట్టి కొంటే ఆ రోజే పొయ్యి మీద పెట్టకండి. ఒక రాత్రంతా నీళ్లలో ముంచి ఉంచండి. మర్నాడు గంజి పోసి సన్నమంట మీద అరగంట మరిగించి, అందులోనే చల్లారనివ్వండి. ఇలా రెండు మూడు రోజులు చేస్తే చట్టి గట్టిపడుతుంది. సబ్బుతో తోమవద్దు, మట్టి సబ్బును పీల్చుకుంటుంది. శనగపిండి, కొబ్బరి పీచు చాలు. వేడి చట్టిని తడి గట్టు మీద పెట్టకండి. నేనొకసారి పండగ పూట ఆ పని చేసి కిలోన్నర కొర్రమీను పులుసు నేలపాలు చేసుకున్నాను. చుట్టకుదురు లేకపోతే మందపాటి గుడ్డ మడత పెట్టి దాని మీద దించండి.

1. చేప ఎంచుకోండి

కొర్రమీను, బొచ్చె, శీలావతి, వంజరం, పండుగప్ప, బొమ్మిడాయిలు. వీటిలో ఏదైనా పులుసుకు పనికొస్తుంది. మొదటిసారి చేసేవాళ్లు బొచ్చెతో మొదలుపెట్టండి. ముక్క లావుగా ఉంటుంది, కాస్త పొరపాటు జరిగినా ఓర్చుకుంటుంది. తలకాయ కూడా అడిగి తెచ్చుకోండి, పులుసులో దాని రుచే వేరు. కొర్రమీను ముక్క గట్టిగా ఉంటుంది, ముళ్లు తక్కువ, పిల్లలకు పెట్టడానికి సులువు. బొమ్మిడాయిలు శుభ్రం చేయడం ఓపికతో కూడిన పని, చేయి తిరిగాక పట్టుకోండి.

చూడాల్సినవి నాలుగు. కన్ను ఉబ్బి, మెరుస్తూ ఉండాలి. లోపలికి పీక్కుపోయి తెల్లబడితే వదిలేయండి. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. గోధుమ రంగు తిరిగితే వద్దు. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. వాసన చూస్తే చెరువు వాసనో సముద్రం వాసనో రావాలి, ముక్కు పక్కకు తిప్పుకునేలా ఉండకూడదు. ముక్కలు కొట్టి పెట్టినవి కొనకండి. మొత్తం చేప చూసి, మీ ముందే కొట్టించుకోండి.

మన దగ్గర ఒక చిక్కు ఉంది. పచ్చి మామిడికాయ పుల్లగా దొరికే ఎండాకాలంలోనే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది ఉండాల్సిందే. ఆ రెండు నెలల్లో బజారులో కనబడే పెద్ద సముద్రం చేప ఎన్నాళ్లు ఐసులో ఉందో మనకు తెలియదు. అందుకే మామిడికాయ పులుసుకు నేను చెరువు చేప, లేదా బతికున్న కొర్రమీనే తీసుకుంటాను. వంజరం పులుసు నిషేధం ఎత్తేశాక, వొట్టి చింతపండుతో.

జాగ్రత్త: వంజరం, కానాగంత లాంటి సముద్రం చేపలు ఐసు లేకుండా కొన్ని గంటలు ఉంటే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది. తిన్నాక ఒళ్లంతా ఎర్రబడి దురద, తలనొప్పి వస్తాయి. ఎంతసేపు మరిగించినా అది పోదు. ఈ చేపలు కొంటే ఐసుతో సహా ఇంటికి తెచ్చుకోండి.

దూరంలో ఉండి ఫ్రీజర్ చేపతో చేసేవాళ్లు ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చి కరగనివ్వండి. వేడినీళ్లలో వేసి కరిగిస్తే పైన మెత్తబడి లోపల గడ్డగానే ఉంటుంది, ఆ ముక్క పులుసులో పొరలు పొరలుగా విడిపోతుంది.

2. కడగండి, తొందర పడకండి

"నీచు వాసన వస్తోంది" అన్నవాళ్లకు నేను చెప్పే జవాబు మొత్తం ఈ మెట్టులోనే ఉంది. చేప కొట్టినవాళ్లు పైపైన చేసిస్తారు. మిగిలింది మనం చేసుకోవాలి.

పొట్ట లోపల నల్లటి పొర ఉంటుంది. చాకు మొనతో గీరితే వస్తుంది, మొత్తం తీసేయండి. వెన్నుముల్లు వెంబడి సన్నగా ముదురెరుపు గీతలా నెత్తురు గడ్డకట్టి ఉంటుంది. బొటనవేలి గోరుతో ఆ గీత వెంట గీకి, నీళ్ల ధార కింద పట్టండి. తలకాయలో మొప్పలు మిగిలి ఉంటే పీకేయండి. ఎక్కడైనా ఆకుపచ్చ మరక కనిపిస్తే అది చేదు తిత్తి పగిలిన మరక. అంతమేర కోసి పారేయండి, లేకపోతే పులుసంతా చేదెక్కుతుంది.

తర్వాత గుప్పెడు రాళ్ల ఉప్పు, అర చెంచా పసుపు, ఒక నిమ్మకాయ రసం వేసి ముక్కల్ని మెల్లగా రుద్దండి. గూడూరు నిమ్మకాయలు ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి కాబట్టి నాకు నిమ్మకాయ అలవాటు, కొందరు పుల్లటి మజ్జిగతో కడుగుతారు. ఐదు నిమిషాలు ఉంచి, నాలుగు నీళ్లు మార్చండి. ఆఖరి నీళ్లు తేటగా కనబడాలి. కొర్రమీనుకు, బొమ్మిడాయిలకు జిగురు ఎక్కువ. వాటిని ముక్కలు కోయకముందే రాళ్ల ఉప్పుతో గరుకుగా రుద్ది జిగురు వదిలించండి.

చూసుకోవడం ఎలా? కడిగిన ముక్కను ముక్కు దగ్గర పెట్టుకోండి. నిమ్మ, పసుపు వాసన తప్ప ఇంకేదీ రాకూడదు. వచ్చిందా, ఇంకోసారి.

3. ఉప్పు, కారం పట్టించండి

నీళ్లు పూర్తిగా ఓడ్చిన ముక్కలకు పెద్ద చెంచా కారం, అర పెద్ద చెంచా ఉప్పు, పావు చెంచా పసుపు, చెంచా నూనె పట్టించి అరగంట పక్కన పెట్టండి. ఎండాకాలమైతే ఫ్రిజ్‌లో. గిన్నె అడుగున ఊరే నీళ్లు పారబోయండి, పులుసులో పోయకండి.

4. చింతపండు నానబెట్టండి

గోరువెచ్చని నీళ్లలో అరగంట. పిసికి, వడగట్టి చిక్కటి రసం ఒక గ్లాసు, పిప్పికి మళ్లీ నీళ్లు పోసి రెండో రసం రెండు గ్లాసులు తీయండి. రెండూ వేర్వేరుగా ఉంచండి. పాత చింతపండు నల్లగా, పులుపు దిగి ఉంటుంది. కొత్తది ఎర్రగా, కరుకుగా ఉంటుంది. కొత్తదైతే పది గ్రాములు తగ్గించండి.

5. పొడి కొట్టండి

ధనియాలు, జీలకర్ర, మెంతులు, ఆవాలు విడివిడిగా, నూనె లేకుండా వేయించాలి. కలిపి వేయిస్తే ధనియాలు వేగేలోపు మెంతులు మాడతాయి. మెంతి గింజ బంగారు రంగు దాటి ఎర్రబడటం మొదలవగానే దించేయండి, మూకుడు వేడికి ఇంకాస్త వేగుతుంది. నల్లబడిందంటే మొహమాటపడకుండా పారబోసి మళ్లీ వేయించండి. పావు చెంచా మెంతులు మాడితే కిలో చేప పాడవుతుంది. చల్లారాక మరీ మెత్తగా కాకుండా పొడి చేసి మూత పెట్టండి. ముందురోజు కొట్టిన పొడికి ఈ వాసన ఉండదు.

6. తాలింపు, ఉల్లిపాయ

చట్టిలో నూనె అంతా పోసి వేడెక్కాక ఆవాలు, అవి చిటపటలాడాక జీలకర్ర, మెంతులు, వెంటనే వెల్లుల్లి, కరివేపాకు, పచ్చిమిర్చి. వెల్లుల్లి అంచులు ఎర్రబడగానే సన్నగా తరిగిన ఉల్లిపాయ వేసి చిటికెడు ఉప్పు చల్లండి. ఉల్లిపాయ మెత్తబడి లేత బంగారు రంగు రావాలి, బిర్యానీకి వేయించినట్టు ఎర్రగా వద్దు, పులుసు తియ్యబడుతుంది. తర్వాత టమాటా. అది గుజ్జయి, నూనె పక్కలకు తేలేదాకా కదలవద్దు. సన్నమంట మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది.

నూనె ఎక్కువ అనిపిస్తుంది, తెలుసు. తగ్గించుకోవాలనుకుంటే 80 మి.లీ. దాకా తగ్గించండి. ఇంకా తగ్గిస్తే కారం పచ్చివాసన పోదు, మర్నాటికి పులుసు నిలవదు.

మంట పూర్తిగా తగ్గించి, మిగిలిన కారం, ధనియాల పొడి, పసుపు వేసి ముప్పై లెక్కపెట్టేంతసేపు కలపండి. కారం మాడిందంటే రంగు నల్లబడి గొంతు పట్టేస్తుంది. భయం ఉంటే ముందే రెండు చెంచాల చింతపండు రసం పోసి ఆ తడిలో కారం వేయండి.

7. పులుసు ఒక్కటే మరగాలి

ఇక్కడే ఆగమని అందర్నీ బతిమాలుతాను. రెండో రసం, ఆ తర్వాత చిక్కటి రసంలో ముప్పాతిక వంతు పోసి, పెద్ద చెంచా ఉప్పు వేసి, మూత లేకుండా మధ్యమంట మీద ఇరవై నిమిషాలు మరిగించండి. చేప అప్పుడే వేయాలని చెయ్యి లాగుతుంది. వేయకండి. పచ్చి చింతపండు వాసన పోవాలంటే పులుసు ఇంతసేపు మరగాలి. చేప ఇంతసేపు మరిగితే పీచుపీచై పులుసులో కలిసిపోతుంది. రెండింటినీ ఒకేసారి ఉడికించే దారి లేదు.

పులుసు సిద్ధమైందని తెలిసే గుర్తులు మూడు:

మొదటిది, బుడగలు. మొదట్లో చిన్న చిన్న బుడగలు నురుగులా వస్తాయి. చిక్కబడేకొద్దీ అవి పెద్దవై, బరువుగా, ఒక్కొక్కటిగా పగులుతాయి. ఆ చప్పుడు కూడా మారుతుంది.

రెండోది, పళ్లెం. స్టీలు పళ్లెం మీద ఒక చుక్క వేసి పళ్లెం వంచండి. చుక్క చుట్టూ నీళ్ల అంచు విడిపోతే ఇంకా ఐదు నిమిషాలు కావాలి. చుక్క మొత్తంగా, నెమ్మదిగా జారితే చాలు.

మూడోది, అరచెయ్యి. ఇప్పుడు రుచి చూడండి. ఉప్పు, పులుపు, కారం మూడూ మీకు కావలసినదానికన్నా కొద్దిగా ఎక్కువ అనిపించాలి. చేప, మామిడికాయ కొంత లాక్కుంటాయి. సరిగ్గా ఉందనిపిస్తే రేపటికి చప్పబడుతుంది. పులుపు చాలకపోతే మిగిలిన చిక్కటి రసం పోసి మరో ఐదు నిమిషాలు. ఎక్కువైతే బెల్లం వేయకుండా ముందు అరగ్లాసు వేడినీళ్లు, చిటికెడు ఉప్పు వేసి చూడండి. చాలాసార్లు ఉప్పు తక్కువైనప్పుడే పులుపు ఎక్కువైనట్టు అనిపిస్తుంది.

8. ముక్కలు వేయండి, గరిటె పక్కన పెట్టండి

ముందు తలకాయ, మూడు నిమిషాల తర్వాత మిగతా ముక్కలు, గుడ్లు ఉంటే అవి పక్కన. ఒక్కో ముక్కను వేళ్లతో జార్చండి, గుమ్మరించకండి. ముక్కలు పులుసులో మునిగేటట్టు చూసుకోండి. చేప నుంచి కూడా నీరు ఊరుతుంది కాబట్టి ఈ దశలో నీళ్లు పోయకండి.

ఇక గరిటె పని అయిపోయింది. మా ఇంట్లో ఉదయగిరి చెక్క గరిటెలు అరడజను ఉన్నాయి, చట్టిని గీకవు కాబట్టి ఉల్లిపాయ వేయించేదాకా వాటినే వాడతాను. చేప పడ్డాక వాటిక్కూడా సెలవే. కలపాలంటే రెండు గుడ్డలతో చట్టి రెండు వైపులా పట్టుకుని, పొయ్యి మీద నుంచి అంగుళం ఎత్తి, గుండ్రంగా ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిప్పండి. పులుసు తిరిగి ముక్కల మీదికి ఎక్కుతుంది, ముక్క మాత్రం కూర్చున్నచోటే ఉంటుంది. చట్టి బరువుగా ఉంటే ఎత్తకుండా పొయ్యి మీదే కొద్దిగా అటూ ఇటూ తిప్పండి. నాలుగు నిమిషాలకొకసారి చాలు.

సన్నమంట మీద, మూత ఓరగా పెట్టి, రెండు వేళ్ల మందం ముక్కకు పది నుంచి పన్నెండు నిమిషాలు. బొమ్మిడాయిలకు ఏడెనిమిది చాలు.

9. మామిడికాయ

తొక్క తీయకండి. టెంక చుట్టూ నిలువుగా పెద్ద ముక్కలు కోయండి. టెంకను కూడా పగలగొట్టి లోపలి జీడి తీసేసి వేయండి. జీడి వగరు, చేదు, అది మాత్రం ఉండకూడదు. మా ఇంట్లో టెంక ఎవరి కంచంలో పడాలన్నది ఇప్పటికీ తేలని పంచాయితీ.

కాయ గట్టిగా ఉంటే చేపతోపాటే వేయండి, కాస్త మెత్తబడిన కాయైతే చేప వేసిన ఐదు నిమిషాలకు. ముక్క ఉడికి, తొక్క అంటుకుని నిలబడాలి. కరిగిపోయిందంటే ముందే వేశారన్నమాట. తోతాపురికి పులుపు చాలదు, దొరికేది అదొక్కటే అయితే చింతపండు 60 గ్రాములకు పెంచండి. కాలం కాని కాలంలో మామిడి ఒరుగులు గుప్పెడు నానబెట్టి, ఏడో మెట్టులో పులుసుతో పాటే మరిగించండి. దాని రుచి పచ్చికాయ రుచి కాదు, కానీ వానాకాలంలో నాకు అదీ ఇష్టమే.

10. దించండి

ఉడికిందని చూడటానికి ఒక్క ముక్క బయటికి తీసి వెన్నుముల్లు దగ్గర వేలితో నొక్కండి. కండ తెల్లగా, ముల్లు నుంచి సులువుగా విడివడాలి. గాజులా మెరుస్తూ ముల్లును అంటిపెట్టుకుంటే ఇంకో రెండు నిమిషాలు. మట్టి చట్టిలో చేసేవాళ్లు ఆ రెండు నిమిషాలు ముందే మంట ఆపేయండి. దించాక కూడా చట్టి వేడికి పులుసు కాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది.

మంట ఆపి, కొట్టిన పొడిలో ఒకటిన్నర చిన్న చెంచా పైన చల్లి, ఒక రెమ్మ కరివేపాకు చేత్తో నలిపి వేసి, చట్టిని ఒక్కసారి తిప్పి మూత పెట్టండి. కొత్తిమీర మీ ఇష్టం. నేను వేయను.

11. ఆగండి

పొద్దున చేస్తే రాత్రికి, రాత్రి చేస్తే పొద్దునకు. నాలుగు గంటల లోపు తింటే పులుసు ఒక రుచి, ముక్క ఒక రుచిగా ఉంటాయి. ఆగితే ఉప్పూ పులుపూ ముక్క లోపలికి దిగుతాయి, కారం కరుకుదనం తగ్గుతుంది, నూనె పైకి తేలి ఎర్రటి పొరలా నిలుస్తుంది.

మా అవ్వ రాత్రంతా చట్టిని కుదురు మీదే ఉంచేది. చలికాలంలో నేనూ అలాగే ఉంచుతాను. కానీ నెల్లూరు ఎండాకాలం సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో పులుసు చల్లారగానే, రెండు గంటలు దాటకుండా స్టీలు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, రుచి అక్కడా దిగుతుంది. ఇంట్లో చిన్నపిల్లలు, పెద్దవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు ఉంటే ఏ కాలమైనా ఫ్రిజ్‌లోనే. రెండు రోజుల్లో తినేయండి. వేడి చేసేటప్పుడు ఆ పూటకు కావలసినంతే విడిగా తీసి, సన్నమంట మీద పొగలు కక్కేదాకా వేడి చేయండి. మొత్తం చట్టిని మూడుసార్లు మరిగిస్తే మూడోసారికి ముక్కలు మిగలవు.

ఎక్కువగా వచ్చే ఫిర్యాదులు

పులుసు నీళ్లగా ఉంది. ఏడో మెట్టు తొందరపడ్డారు. ఇప్పుడు మరిగిస్తే చేప చితుకుతుంది. ముక్కల్ని వెడల్పు గరిటెతో జాగ్రత్తగా పళ్లెంలోకి తీసి, పులుసును ఒంటరిగా మరిగించి, మళ్లీ ముక్కలు జార్చండి. బియ్యప్పిండి, శనగపిండి కలపకండి.

ముక్కలు చెదిరాయి. గరిటె పెట్టారు, లేదా మంట పెద్దది, లేదా చేప నిలవది. చేప నిలవదైతే ఎంత జాగ్రత్తపడ్డా నిలబడదు. ఒకసారి నాకు ఒకచోట "ఈ పొద్దు చేపే" అని నమ్మించి అంటగట్టారు. మొప్ప ఎత్తి చూడని తప్పు నాది, ఆ రోజు పులుసులో ముళ్లు తప్ప ముక్క కనబడలేదు.

చేదుగా ఉంది. మెంతులు, చేదు తిత్తి, మామిడి జీడి, మాడిన వెల్లుల్లి. ఈ నాలుగింట్లో ఒకటి. దీనికి విరుగుడు లేదు, వచ్చేసారి చూసుకోవడమే.

ముక్క చప్పగా, పులుసు ఉప్పగా ఉంది. ఉప్పు పట్టించిన అరగంట తగ్గించారు, లేదా దించగానే వడ్డించారు.

రంగు రాలేదు. కారం పాతది. గుంటూరు మిరపకాయలు కొని తొడిమలు తీసి, ఎండబెట్టి పట్టించుకోండి. నాలుగు నెలలకు మించి నిలవ ఉంచకండి. రంగు కోసం టమాటా పెంచితే పులుసు కూరలా మారిపోతుంది.

దేనిలోకి

అన్నం వేడిగా, పులుసు చల్లగా. ఒకప్పుడు దీనికి జత మొలగొలుకులు అనే పాత వరి రకం అన్నం అనేవాళ్లు. ఇప్పుడు మా ఇంట్లో నెల్లూరు మసూరి, అంటే మన ఊరి వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎన్‌ఎల్‌ఆర్ 34449 అనే వరి రకం. మెత్తగా వార్చిన ఏ సన్నబియ్యమైనా సరే. రాగి సంకటి మధ్యలో గుంట చేసి పోసుకున్నా బాగుంటుంది. మర్నాడు పొద్దున మాత్రం దోసెలే, కాస్త మందంగా, ఒకవైపే కాల్చి.

ముక్కలన్నీ అయిపోయాక చట్టిని కడిగేయకండి. అడుగున, అంచుల వెంట చిక్కటి పులుసు, నూనె, చితికిన వెల్లుల్లి మిగిలి ఉంటాయి. రెండు గుప్పెళ్ల వేడి అన్నం అందులో వేసి, చట్టి గోడలు తుడిచినట్టు చేత్తో కలిపి, ముద్దలు చేసి, చుట్టూ కూర్చున్న అందరి చేతుల్లో పెట్టండి. ఉప్పు చూడక్కర్లేదు, ఆ ముద్దలో ఎప్పుడూ సరిపోతుంది.